యాభై ఎనిమిది మధ్యాహ్నాలు

"టీచర్‌గారూ, మీకు పిల్లలున్నారా? ఉంటే పన్నెండు దాటాక ఎక్కడ పడేసేవాళ్ళు?"

ఈ మాట అడిగింది ఆసుపత్రి లాండ్రీలో దుప్పట్లు ఉతికే మనిషి. అడిగిన చోటు చిన్నబడి గేటు, వేళ పన్నెండుంపావు. పరుగెత్తుకుంటూ వచ్చింది కాబట్టి ఆయాసపడుతూనే అడిగింది, అయినా ఒక్క మాట కూడా మింగలేదు. ఆమె కొడుకు నాలుగేళ్ళవాడు. పావుగంటగా టీచర్ కొంగు పట్టుకుని నిలబడి, కుడికాలి చెప్పు ఎడమకాలికీ ఎడమది కుడికీ మార్చి మార్చి తొడుగుతున్నాడు. "ఇది మూడోసారమ్మా, ఇలాగైతే కుదరదు" అని చెప్పడానికి టీచర్ నోరు సిద్ధం చేసుకుని ఉంది. ప్రశ్న విన్నాక ఆ మాట నాలుక మీదే ఉండిపోయింది.

సమాధానం లేక కాదు. ఉంది కాబట్టే నోరు పెగల్లేదు. ఆవిడకు ఒక్కతే కూతురు. ఆ పిల్ల ఇదే బడిలో, ఇదే గదిలో అక్షరాలు దిద్దుకుంది. పన్నెండింటికి గేటు మూసి, కూతురి చెయ్యి పట్టుకుని ఆవిడ ఇంటికి వెళ్ళిపోయేది. ఊరు మొత్తం మీద బడి వేళకూ ఉద్యోగం వేళకూ చక్కగా కుదిరిన తల్లి ఒక్కతే ఉంది, గేటు తాళం ఆ తల్లి చేతిలోనే ఉంది.

"తొందరగా తీసుకెళ్ళమ్మా, ఎండెక్కింది" అందావిడ. ఆ రోజంతా మబ్బే.

ఆవిణ్ణి ఊళ్ళో అందరూ 'పన్నెండమ్మ' అంటారు. ఎదురుగా అనరు, అంటున్నారని మాత్రం ఆవిడకు తెలుసు. పోస్టాఫీసు వెనక రెండు గదులు, ఒక వరండా, మోకాలి ఎత్తున ఆరు కుళాయిలు. గోడకు ఇరవై ఎనిమిది కొక్కేలు. చదవడం రాని వాళ్ళ కోసం ఒక్కో కొక్కెం పైన ఒక్కో బొమ్మ: గొడుగు, కత్తెర, చేప, నిచ్చెన. ఇరవయ్యారేళ్ళలో ఎంతమంది పిల్లలు వచ్చి వెళ్ళారో ఆవిడ చెప్పలేదు గానీ, బజారులో మీసాలొచ్చిన మనిషి నమస్కారం పెడితే "నువ్వు నిచ్చెనవి కదూ" అనేస్తుంది. వాడు సిగ్గుపడి తల గోక్కుంటాడు.

ఈ ఉద్యోగం గురించి సభల్లో మాట్లాడేవాళ్ళు పిల్లలు పువ్వులంటారు, దేవుళ్ళంటారు. పువ్వులకు ముక్కు కారదు. దేవుళ్ళు పాంట్లో పోసుకుని, పోసుకున్నది పక్కవాడని ఒట్టు వెయ్యరు. పన్నెండమ్మకు పిల్లలంటే ఇష్టమా అని అడిగితే వింతగా చూస్తుంది. తాపీమేస్త్రీని ఇటుకలంటే ఇష్టమా అని ఎవరైనా అడుగుతారా? ఆవిడకు తెలిసింది ఒకటే. రోజుకు రెండొందలసార్లు మూడడుగుల ఎత్తుకు వంగాలి, మళ్ళీ లేవాలి. వంగడం వయసు పని, లేవడం మోకాళ్ళ పని. యాభై ఆరేళ్ళకు ఆ రెండూ ఆవిడతో మాట్లాడడం మానేశాయి.

లాండ్రీ మనిషి ప్రశ్న అడిగిన ఐదేళ్ళకు, చిన్నబడులకు పూర్తిరోజు గ్రాంటు ఇస్తామని ప్రభుత్వం ప్రకటించింది. పొద్దున ఎనిమిది నుంచి సాయంత్రం నాలుగున్నర దాకా బడి. మధ్యాహ్నం అన్నం, నిద్ర, పాలు. పిల్లాడికింత అని నెలకు లెక్కగట్టి ఇస్తారు, ఆ డబ్బుతోనే మధ్యాహ్నానికి ఒక మనిషిని పెట్టుకోవాలి. మున్సిపాలిటీ ముందుగా తన డబ్బుతో పని మొదలుపెట్టాలి, డబ్బు మూడు నెలల తర్వాత, హాజరు పట్టీ చూశాక వస్తుంది. మధ్యాహ్నం హాజరు ఇరవైకి తగ్గకూడదు. దరఖాస్తు పదకొండు పేజీలు. తప్పనిసరి ఏమీ లేదు, ఏ బడి టీచరుకు ఇష్టముంటే ఆ బడి.

పన్నెండమ్మకు ఇష్టం లేదు. రిటైర్మెంటుకు మూడేళ్ళుంది.

"ఇప్పుడే పన్నెండింటికి ఇంటికొచ్చేది నువ్వు కాదు, నీ కళేబరం" అన్నాడు భర్త. ఆయన బస్సు నడిపి రిటైరైన మనిషి, ఏ విషయాన్నైనా ఎన్ని కిలోమీటర్లు అన్నట్టే చూస్తాడు. "ఇంకో నాలుగున్నర గంటలు నడిపితే బండి షెడ్డుకు రాదు, దారిలోనే ఆగుతుంది."

"నేను వెయ్యనన్నానుగా దరఖాస్తు."

"మరి ఆ కాగితాలేమిటి?"

"చదువుతున్నాను."

"పెన్ను పట్టుకుని చదువుతున్నావా?"

ఆవిడ పేజీ తిప్పింది. లాండ్రీ మనిషి కొడుకు ఎప్పుడో పెద్దబడికి వెళ్ళిపోయాడు. ఇప్పుడు వాడి చెల్లెలు, మూడేళ్ళది, గొడుగు బొమ్మ కొక్కేనికి సంచి తగిలిస్తోంది. ఈ ఐదేళ్ళూ ఆ తల్లి సగం షిఫ్టే చేసింది, సగం జీతమే తీసుకుంది. పన్నెండుకు పరుగెత్తుకొచ్చి, పిల్లని తీసుకుని వెళ్ళేటప్పుడు టీచర్‌కి నమస్కారం పెట్టేది. మళ్ళీ ఆ ప్రశ్న అడగలేదు. అడిగి ఉంటే పన్నెండమ్మ ఏదో ఒకటి చెప్పి చేతులు దులుపుకునేది. అడక్కపోబట్టే అది చెవిలో జోరీగలా ఉండిపోయింది. అందుకని పదకొండు పేజీలూ నింపింది. ఇందులో త్యాగం ఏమీ లేదు, జోరీగను తోలుకోవడానికి మనుషులు ఇంతకంటే పెద్ద పనులే చేస్తారు.

గ్రాంటు మంజూరైంది. పరుపులు ముప్పై వచ్చాయి, దుప్పట్లు ఇరవై. మధ్యాహ్నం పనికి ఫ్యాక్టరీ క్యాంటీనులో వండి మానేసిన ఒక ఆవిడ కుదిరింది. అరవై దాటిన మనిషి, గొంతు పెద్దది, పిల్లలు మొదటి వారంలోనే అమ్మమ్మా అనడం మొదలుపెట్టారు. లాండ్రీ మనిషి వెళ్ళి పూర్తి షిఫ్టు రాయించుకుంది. అక్కడ పూర్తి షిఫ్టు కోసం వరసలో ఇంకా ఆరుగురున్నారు. ఒకసారి వదులుకుంటే అది తర్వాతి మనిషికి వెళ్ళిపోతుంది, మళ్ళీ చేతికి రావడం కల్ల.

మధ్యాహ్నాలు ఎలా ఉంటాయో పన్నెండమ్మకు అప్పటిదాకా తెలియదు. పిల్లల మధ్యాహ్నం పొద్దుటికంటే బరువు. తిన్న పిల్ల ఏడుస్తుంది, ఏడ్చిన పిల్ల నిద్రపోతుంది, నిద్రపోయిన పిల్ల పక్కవాణ్ణి తన్ని లేపుతుంది. ఒకడికి చేతిలో చెప్పు లేనిదే నిద్ర రాదు. ఒకతె కళ్ళు మూసుకుని గంటసేపు మాట్లాడుతుంది. పాలు పొయ్యడానికి ముందు పన్నెండమ్మ పరుపుల మధ్య నడుస్తూ ఒక్కో తల తాకి లెక్కపెట్టి, ఆ అంకె బోర్డు మీద వేసేది. వంటావిడ అది చూసి గ్లాసులు సర్దేది. సాయంత్రం బోర్డు తుడిచేవాళ్ళు. నాలుగున్నరకు తల్లులొచ్చేవాళ్ళు, పరుగు లేకుండా, నడిచి. అది చూసి సంతోషపడాలని కూడా ఆవిడకు తోచేది కాదు. కుర్చీ ఎక్కడుందా అని చూసేది.

మూడు నెలలు పూర్తయ్యాక గ్రాంటు ఆఫీసు ఇన్‌స్పెక్టరు వచ్చాడు. జలుబుతో ఉన్నాడు, చంకలో సంచి, జేబులో మూడు రుమాళ్ళు. వచ్చింది రెండింటికి పావుగంట తక్కువలో, పిల్లలంతా పడుకుని ఉన్నారు. పన్నెండమ్మ పెదాల మీద వేలు పెట్టింది. ఆయన బూట్లు విప్పి, మేజోళ్ళతో లోపలికొచ్చి, చిన్న కుర్చీలో మోకాళ్ళు గడ్డానికి తగిలేలా కూర్చున్నాడు. తర్వాత జరిగిందంతా గుసగుసల్లోనే జరిగింది.

"మేడమ్, ఇదేమిటి?"

"గీత."

"అది కనబడుతూనే ఉంది. ఎవరు గీశారు?"

ఆవిడ కళ్ళజోడు పెట్టుకుంది. హాజరు పట్టీలో ప్రతి రోజుకూ రెండు గళ్ళు, ఉదయం ఒకటి, మధ్యాహ్నం ఒకటి. ఉదయం గళ్ళన్నీ నీలం సిరాతో నిండి ఉన్నాయి. మధ్యాహ్నం గళ్ళ మీదుగా, పైనుంచి కిందదాకా, స్కేలు పెట్టి గీసిన ఎర్రగీత. గీత చివర ఆవిడ సంతకం. పేజీ తిప్పింది. అక్కడా గీతే. యాభై ఎనిమిది పనిరోజులు, యాభై ఎనిమిది గీతలు, ఒక్కటి కూడా వంకర పోలేదు.

"నేనే గీశాను" అంది.

ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక అధికారి చెప్పాడు, బడి పన్నెండింటికి అయిపోతుంది కాబట్టి మధ్యాహ్నం గడి ఖాళీగా వదలకు, తర్వాత ఎవరైనా ఏదైనా రాసుకుంటారు, ఎర్రగీత కొట్టెయ్ అని. అప్పటినుంచి పన్నెండు గంట కొట్టగానే సొరుగు లాగడం, స్కేలు తియ్యడం, గీత, సంతకం. పూర్తిరోజు బడి మొదలయ్యాకా పన్నెండు గంట కొడుతూనే ఉంది, అన్నానికి. వంటావిడ పళ్ళేలు సర్దుతుంటే ఈవిడ ఒక్క నిమిషం బల్ల దగ్గర కూర్చుని లేచేది. ఆ నిమిషంలో ఏం చేస్తోందో చేతికి తెలుసు గానీ మనిషికి తెలియదు.

"ఈ కాగితం ప్రకారం పిల్లలంతా రోజూ పన్నెండింటికే ఇళ్ళకు వెళ్ళిపోయారు" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

"మరి వీళ్ళెవరు నాయనా?" అంది వంటావిడ గుమ్మంలోంచి. ఆవిడ గుసగుస మామూలు మనిషి మాటంత ఉంటుంది.

"వీళ్ళు ఇవాళ్టి వాళ్ళమ్మా. నాకు నిన్నటి వాళ్ళు కావాలి."

"పాల బిల్లులున్నాయి, చూపించనా?"

"పాలు కొన్నారని ఉంటుంది. ఎవరు తాగారని ఉండదు కదా." ఆయన ముక్కు తుడుచుకుని లేచి, పరుపుల మధ్య మేజోళ్ళతో నడిచి లెక్కపెట్టాడు. ఇరవై నలుగురు. గొడుగు పిల్ల ఒక కన్ను తెరిచి చూసి, "తాతా, నీ బొటనవేలు బైటికొచ్చింది" అని మళ్ళీ పడుకుంది. నిజంగానే మేజోడుకు చిల్లు ఉంది.

గేటు దగ్గర బూట్లు వేసుకుంటూ ఆయన గొంతు ఇంకా తగ్గించాడు. "పది రోజుల్లోగా రుజువు తెండి. లేకపోతే మధ్యాహ్నం గ్రాంటు రద్దు, ఈ నెలాఖరుతో మధ్యాహ్నం బడి బంద్. నేనైతే ఒకటి చెప్తాను మేడమ్. బజారులో కొత్త హాజరు పట్టీ దొరుకుతుంది. నేను ఇవాళ ఇక్కడికి రాలేదు, సోమవారం వస్తాను."

మంచివాడే. ఇలాంటి మంచితనం మీదే చాలా ఆఫీసులు నడుస్తుంటాయి.

కొత్త పట్టీ కొన్నారు. ఆదివారం పొద్దున్నే బడిలో కూర్చుని, పన్నెండమ్మ రాస్తుంటే వంటావిడ గుర్తుచేసుకుంటూ చెప్పింది. పది రోజుల దాకా బాగానే సాగింది. పదకొండో రోజు దగ్గర పెన్ను ఆగింది.

"రోజూ ఇరవై నలుగురంటే ఎవడు నమ్ముతాడక్కా? కొందరికి రాలేదని వెయ్యాలి."

"వేసెయ్ టీచరమ్మా. జ్వరమొచ్చిందని వెయ్."

"ఎవరికి?"

"ఎవరికో ఒకరికి. ఆ చేప పిల్లాడికి వెయ్, వాడు నా గరిటె దాచేశాడు."

పన్నెండమ్మ చేప పిల్లాడి గడి దగ్గర పెన్ను పెట్టింది. వాడికి ఆ నెలలో నిజంగా జ్వరం వచ్చిందా, వస్తే ఏ రోజు? గుర్తు రాలేదు. గుర్తు లేకుండా పిల్లాడికి జ్వరం పెట్టడం ఎలాగో ఆవిడకు చేత కాలేదు. నిచ్చెనకు పెట్టబోయింది, కత్తెరకు పెట్టబోయింది. అరగంటకు పెన్ను మూసేసి, "మెడ పట్టేసింది, నా వల్ల కాదు" అంది. దీన్ని నిజాయితీ అనుకుని ఎవరూ దండలు తేనక్కర్లేదు. పదకొండో రోజు తర్వాత ఇంకా నలభై ఏడు రోజులున్నాయి.

సోమవారం ఇన్‌స్పెక్టరు వస్తే పాత పట్టీయే చూపించింది. ఆ సాయంత్రం గేటు దగ్గర తల్లులకు ఉన్న సంగతి చెప్పింది. నీళ్ళు నమల్లేదు. గీత నేనే గీశాను, మరచిపోయి గీశాను, నెలాఖరుకు మధ్యాహ్నం బడి ఆగిపోవచ్చు అంది.

మొదట నోరు విప్పింది లాండ్రీ మనిషే. "ఇన్నేళ్ళు పన్నెండింటికి తరిమి తరిమి, ఇప్పుడు పిల్లలు లోపలున్నా తరిమేశారన్నమాట."

"అవునమ్మా."

"అవునంటే ఎలాగండీ? ఒకటో తారీకున నేను మళ్ళీ సగం షిఫ్టంటే మా సూపర్‌వైజరు నన్ను ఇస్త్రీ చేస్తాడు." ఆమె పిల్లని చంకనెత్తుకుని వెళ్ళిపోయింది. పిల్ల తల్లి భుజం మీదుగా టీచర్‌కి చెయ్యి ఊపింది.

మర్నాడు పొద్దున్న ఎనిమిదికి పది నిమిషాల ముందే ఆమె గేటు దగ్గర ఉంది. కోపం తగ్గలేదు గానీ చేతిలో ఒక అట్టముక్క ఉంది. రాకకూ పోకకూ గడియారం ముద్రలు గుద్దిన పంచింగు కార్డు.

"నిన్న మా సూపర్‌వైజరు పది నిమిషాల ఆలస్యానికి డబ్బు కోశాడు. ఎలా కోశావయ్యా అంటే ఇది చూపించాడు. చూడండి. ఈ మూడు నెలలూ నేను ఏ రోజు ఎన్నింటిదాకా యంత్రం ముందున్నానో నిమిషాలతో సహా ఉంది. నాలుగు దాటకుండా ఒక్కరోజు బయటికి రాలేదు."

పన్నెండమ్మ కార్డు తిప్పి చూసింది. "దీంతో..."

"నేను అక్కడున్నాను. దాని నాన్న ఓడ మీదున్నాడు. మూడేళ్ళ పిల్ల మధ్యాహ్నమంతా ఎవరి దగ్గరున్నట్టు? ఇలాంటి కార్డులు మిగతా వాళ్ళకీ ఉంటాయి కదండీ."

ఆ వారం పన్నెండమ్మకు కాళ్ళరిగిపోయాయి. నాలుగున్నరకు బడి మూసి, బేకరీకి, మందుల ప్యాకింగు షెడ్డుకి, ఆసుపత్రికి తిరిగింది. ఒకచోట మేనేజరు లేడన్నారు, ఇంకోచోట మేనేజరు ఉన్నాడు గానీ ముద్ర లేదన్నారు. ప్యాకింగు షెడ్డువాడు "మా కార్మికుల వివరాలు మీకెందుకు?" అని గంటసేపు నిలబెట్టి, చివరికి తను కూడా చిన్నప్పుడు కొక్కెం మీద సైకిలు బొమ్మనని గుర్తుచేసి ఇచ్చాడు. బస్సు డిపో కాగితాలు భర్త తెచ్చాడు. "నీ కోసం కాదు, డిపోలో టీ బాగుంటుందని వెళ్ళాను" అన్నాడు, తెచ్చింది బల్ల మీద పడేస్తూ. మొత్తం పంతొమ్మిది కార్డుల నకళ్ళు పోగయ్యాయి. మిగిలిన ఐదుగురి ఇళ్ళల్లో కార్డులిచ్చే ఉద్యోగాలు లేవు.

పదో రోజున గ్రాంటు ఆఫీసుకు ఇద్దరూ వెళ్ళారు. లాండ్రీ మనిషి ఒక పూట జీతం వదులుకుని వచ్చింది. ఇన్‌స్పెక్టరు పై అధికారి కార్డులన్నీ ఓపిగ్గా చూశాడు. ఆయన బల్ల మీద అద్దం కింద మనవడి ఫొటో ఉంది.

"ఇవి తల్లులు పనిలో ఉన్నారనడానికి రుజువు. పిల్లలు బడిలో ఉన్నారనడానికి కాదు. పైగా పంతొమ్మిదే, మాకు ఇరవై కావాలి."

"సార్, మూడేళ్ళ పిల్ల" అంది లాండ్రీ మనిషి. "బడికని చెప్పి సినిమాకు పోదు."

అధికారి నవ్వాపుకోవడానికి ఇన్‌స్పెక్టరు రాసిన కాగితం చదివాడు. అందులో తనిఖీ రోజున ఇరవై నలుగురు పిల్లలు నిద్రిస్తుండగా చూశానని ఉంది. కొత్త హాజరు పట్టీ మాట లేదు. పన్నెండమ్మ తనూ ఒక కాగితం ఇచ్చింది, నాలుగే వాక్యాలు. పిల్లలు ఉన్నారు. గీత నేను గీశాను. అలవాటు మీద గీశాను. ఇప్పుడు ఎర్ర పెన్ను బడిలో లేదు.

"ఇరవయ్యారేళ్ళ సర్వీసులో ఇలాంటి పొరపాటా మేడమ్?"

"ఇరవయ్యారేళ్ళ సర్వీసు ఉంది కాబట్టే సార్. కొత్తదైతే చెయ్యదు."

ఆయన చాలాసేపు పెన్నుతో అద్దం మీద తట్టి, రెండు ముక్కలు చేశాడు. తనిఖీ రోజు నుంచి మధ్యాహ్నం గ్రాంటు కొనసాగుతుంది, బడి ఆగదు. అంతకు ముందు యాభై ఎనిమిది రోజుల డబ్బు మంజూరు చెయ్యడానికి మాత్రం తనకు అధికారం లేదు, ఫైలు ఆర్థిక శాఖకు పంపుతాను అన్నాడు.

బయట మెట్ల మీద లాండ్రీ మనిషి చేతులతో మొహం తుడుచుకుంది. "షిఫ్టు ఉంటుంది కదండీ నాకు?"

"ఉంటుంది."

"పదండి, రెండింటికల్లా వెళ్తే పూటలో సగమైనా ఇస్తారు." నాలుగడుగులు వేసి వెనక్కి తిరిగింది. పన్నెండమ్మ మెట్ల కమ్మీ పట్టుకుని ఒక్కో మెట్టూ దిగుతోంది. ఆమె మళ్ళీ పైకెక్కి, జబ్బ కింద చెయ్యి వేసి దింపింది.

మధ్యాహ్నం బడి నడుస్తోంది. గొడుగు పిల్ల ఇప్పుడు నిద్రపోని పిల్లల్లో చేరి, పడుకున్నవాళ్ళ మీద చాడీలు చెబుతోంది. పన్నెండమ్మ రెండింటికి హాజరు వేసి, వేశానా లేదా అని ఇంకోసారి చూసుకుని, అప్పుడు కూర్చుంటుంది. రిటైర్మెంటుకు ఇంకా రెండేళ్ళకు తక్కువే ఉంది. పదవి పొడిగిస్తామని మున్సిపాలిటీ అంటే ఆవిడ నవ్వలేదు కూడా.

వంటావిడకు మొదటి నెల జీతం మున్సిపాలిటీ ముందుగా ఇచ్చింది. మిగిలిన రెండు నెలలదీ ఆ యాభై ఎనిమిది రోజుల డబ్బులోంచే రావాలి. మోకాళ్ళ ఆపరేషన్‌కని దాచుకున్న దాంట్లోంచి తనిస్తానని పన్నెండమ్మ ఒకరోజు కవరు తెచ్చింది. వంటావిడ గ్లాసులు కడుగుతూ తల కూడా తిప్పలేదు.

"నీ మోకాళ్ళు నేనేం చేసుకోను టీచరమ్మా. నువ్విచ్చావని తెలిస్తే వాళ్ళు ఫైలు మూసేస్తారు. ఇవ్వాల్సింది వాళ్ళు."

ఫైలు వెళ్ళి పదకొండు నెలలైంది. వంటావిడకు రెండు నెలల జీతం ఇంకా రావాలి.